పాత నికాన్ లెన్స్, డిజిటల్ బాడీ: తేడా ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

ఫిల్మ్ కాలం నాటి నికాన్ లెన్స్‌ని డిజిటల్ బాడీకి తగిలించగానే షట్టర్ నొక్కుడు పడకపోవచ్చు, వెలుతురు కొలిచే మీటర్ కదలకపోవచ్చు, తెర మీద అర్థం కాని అక్షరాలు మెరవొచ్చు. చాలామంది వెంటనే మెనూలోకి వెళ్లి కనిపించిన సెట్టింగులన్నీ మారుస్తారు. ఆ పని ముందు ఆపండి. లెన్స్‌ని బాడీ నుంచి తీసి, తిరగేసి, వెనక భాగం చూడండి. నూటికి తొంభై ఇబ్బందులకు జవాబు అక్కడే ఉంటుంది.

కారణం ఇది. నికాన్ ఎఫ్ మౌంట్ 1959లో వచ్చింది. మౌంట్ ఆకారం అప్పటి నుంచి మారలేదు. బాడీకీ లెన్స్‌కీ మధ్య కబురు మోసే దారులు మాత్రం మారుతూ వచ్చాయి. ఆ దారులు మూడు. ఒకటి, ఫోకస్ తిప్పే మోటారు బాడీలో ఉందా, లెన్స్‌లో ఉందా. రెండు, అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) రింగు ఎక్కడుందో బాడీకి తెలియజేసే చిన్న మీట. మూడు, లెన్స్‌లోని చిప్పు. వీటిలో ఏది తెగితే ఆ పని ఆగుతుంది, మిగతావి నడుస్తాయి. కాబట్టి "ఈ లెన్స్ నా కెమెరాకు సరిపోతుందా?" అని అడిగితే సగం జవాబే వస్తుంది. ఏ పని నడుస్తుంది, ఏది చేత్తో చేసుకోవాలి అని అడగాలి.

ముందు లెన్స్‌ని గుర్తుపట్టండి

మౌంట్ రింగు లోపలి అంచున బంగారు రంగు లోహపు చుక్కలు వరసగా ఉంటే లెన్స్‌లో చిప్పు ఉన్నట్టు. చుక్కలు లేకపోతే అది పూర్తి మాన్యువల్ లెన్స్. నికాన్ దీన్ని నాన్-సీపీయూ లెన్స్ అంటుంది, మెనూలో కూడా ఈ పేరే కనిపిస్తుంది.

చుక్కలున్నాయి, అపర్చర్ రింగు కూడా ఉంది, మౌంట్ లోహపు పళ్లెం మీద స్క్రూడ్రైవర్ పట్టేంత గాటు ఉన్న చిన్న గుండ్రటి బొడిపె కూడా కనిపిస్తోంది అంటే అది ఏఎఫ్ (ఆటోఫోకస్) లేదా ఏఎఫ్-డి రకం. దీనిలో మోటారు లేదు. బాడీలోని మోటారు ఆ గాటులో పట్టుకుని తిప్పాలి. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా చేతులు మారే 50 ఎంఎం ఎఫ్/1.8డి ఈ జాతిదే. పేరులో ఏఎఫ్-ఎస్ ఉంటే మోటారు లెన్స్‌లోనే ఉంది. చివర జి ఉంటే అపర్చర్ రింగు లేదు.

చుక్కలు లేని మాన్యువల్ లెన్స్‌లో ఇంకో విభజన ఉంది. ఇక్కడ పొరపాటు పడితే లెన్స్ కాదు, బాడీ పాడవుతుంది. 1977కి ముందువి నాన్-ఏఐ, ఆ తర్వాతివి ఏఐ, 1980ల మొదట్లో వచ్చినవి ఏఐ-ఎస్. (ఈ ఏఐ అంటే ఆటోమేటిక్ ఇండెక్సింగ్. ఇప్పుడు నెట్‌లో "నికాన్ ఏఐ" అని వెతికితే ఏం వస్తుందో ఊహించుకోవచ్చు.) అపర్చర్ రింగు మీద ఉండే కుందేలు చెవుల్లాంటి లోహపు ముక్కను చూడండి. చెవులకు కిటికీల్లా కంతలుంటే, రింగు మీద ఎఫ్ నంబర్లు పెద్దవి ఒక వరస, చిన్నవి ఇంకో వరస ఉంటే అది ఏఐ. చెవులు గట్టి ముక్కగా ఉండి, నంబర్లు ఒకే వరసలో ఉంటే నాన్-ఏఐ. "సిరీస్ ఈ" (Series E) అని రాసి ఉన్న లెన్స్‌లకు అసలు చెవులే ఉండవు, నంబర్లు మాత్రం రెండు వరసలుంటాయి. అవి ఏఐ-ఎస్ కిందే లెక్క. పాత నాన్-ఏఐ లెన్స్‌ని రింగు వెనక అంచు గీకి మార్చినవీ బజారులో దొరుకుతాయి. అలాంటప్పుడు చెవుల్ని నమ్మొద్దు, రింగు వెనక అంచునే చూడండి. అంచు చుట్టూ ఒకే ఎత్తులో ఉంటే మార్చనిది. కొంత మేర కోసేసి మెట్టులా ఉంటే మార్చినది.

నాన్-ఏఐ లెన్స్‌ని డి7000, డి7100, డి7200, డి300, డి700, డి610, డి750, డి800, డి850 లాంటి బాడీలకు పెట్టకూడదు. ఆ బాడీల మౌంట్ చుట్టూ, ఒకటి రెండు గంటల స్థానంలో, చిన్న మీట బయటికి పొడుచుకుని ఉంటుంది. రింగు అంచు దాన్ని తాకి వంచేస్తుంది, లేదా విరగ్గొడుతుంది. బలం పెట్టి తిప్పాల్సి వస్తోందంటే అక్కడే ఆపండి. నికాన్ డీఎఫ్‌లో ఒక్కదానిలో ఈ మీట మడవొచ్చు, కాబట్టి అందులో పెట్టుకోవచ్చు. మిగతా బాడీల విషయంలో కెమెరాతో వచ్చిన మాన్యువల్ పుస్తకం చివర ఉండే లెన్స్‌ల పట్టిక చూశాకే తగిలించండి.

ఏ బాడీ ఏం చేస్తుంది

నికాన్ డిజిటల్ బాడీల్ని ఈ పని కోసం మూడు గుంపులుగా చూస్తే చాలు.

మొదటి గుంపు: డి40, డి60, డి3000 నుంచి డి3500 వరకు, డి5000 నుంచి డి5600 వరకు. వీటిలో మోటారూ లేదు, మీటా లేదు. ఏఎఫ్-డి పెడితే మీటరింగ్, అన్ని మోడ్‌లూ నడుస్తాయి, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పాలి. ఏఐ లెన్స్ పెడితే ఎం (M, అన్నీ చేత్తో పెట్టుకునే) మోడ్ ఒక్కటే, మీటర్ పనిచేయదు.

రెండో గుంపు చాలామందిని మోసం చేస్తుంది. డి70, డి80, డి90లో మోటారు ఉంది, మీట లేదు. అంటే ఏఎఫ్-డి లెన్స్ ఆటోఫోకస్‌తో చక్కగా నడుస్తుంది, ఏఐ లెన్స్ పెడితే మాత్రం డి3500లాగే మీటర్ లేకుండా ఎం మోడ్‌లో తీయాలి. 2017లో వచ్చిన డి7500 కూడా ఈ గుంపే. తన ముందు వచ్చిన డి7200లో ఉన్న మీటను దీనిలో తీసేశారు. నంబరు పెద్దది కదా అని డి7200 అమ్మి డి7500 కొన్నవాళ్ల ఏఐ లెన్స్‌లు మీటర్ లేనివి అయిపోయాయి. పాత లెన్స్‌ల కోసమే బాడీ కొంటుంటే డి7200 మేలు.

మూడో గుంపు: డి200, డి300, డి700, డి7000, డి7100, డి7200, డి600, డి610, డి750, డి780, డి800 కుటుంబం, డి850. మోటారూ ఉంది, మీటా ఉంది. ఏఐ లెన్స్‌తో కూడా "ఏ" (A, షట్టర్ వేగం బాడీయే ఎంచుకునే) మోడ్, ఎం మోడ్, మీటరింగ్ అన్నీ దొరుకుతాయి.

తిరుగు దిశలోనూ ఒక చిక్కుంది. పాత బాడీకి కొత్త లెన్స్ పెడితే మొండికేస్తుంది. ఏఎఫ్-పి లెన్స్‌లు డి90, డి3200, డి5100 లాంటి వాటిలో ఫోకస్ కావు. చేత్తో తిప్పడమూ కుదరదు, ఎందుకంటే ఆ ఫోకస్ రింగు కూడా కరెంటుతోనే నడుస్తుంది. ఇది సెట్టింగుతో బాగయ్యేది కాదు.

ఎఫ్‌ఈఈ అని మెరుస్తోంది

ఏఎఫ్-డి లెన్స్ పెట్టినప్పుడు వచ్చే మొట్టమొదటి ఇబ్బంది ఇదే. తెర మీద ఎఫ్, ఈ, ఈ అని మూడు అక్షరాలు మెరుస్తాయి, షట్టర్ పడదు. లెన్స్ చెడిపోలేదు. అపర్చర్ రింగుని అన్నిటికంటే చిన్న రంధ్రం దగ్గర, అంటే పెద్ద నంబరు దగ్గర, పెట్టాలి. 50 ఎంఎం ఎఫ్/1.8డిలో అది 22, నారింజ రంగులో రాసి ఉంటుంది. రింగు 22 దగ్గరికి తిప్పి పక్కనున్న చిన్న తాళం జరిపితే మళ్లీ కదలదు. ఇక అపర్చర్ బాడీ చక్రంతోనే మారుతుంది.

ఇలా ఎందుకంటే, లెన్స్ లోపలి రేకుల్ని బాడీ ఒక లివర్‌తో మూస్తుంది. రింగు 8 దగ్గర ఆగి ఉంటే రేకులు 8 దాటి మూసుకోలేవు. బాడీ 16 కావాలనుకున్నా కుదరదు కాబట్టి ముందే ఆపేస్తుంది.

22 దగ్గర పెట్టాక కూడా ఎఫ్‌ఈఈ పోకపోతే రెండు అనుమానాలు. ఒకటి, లెన్స్ పూర్తిగా మౌంట్‌లో కూర్చోలేదు. నికాన్‌లో తెల్ల చుక్కలు కలిపి, కెమెరా ముందు నుంచి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో, క్లిక్ అనేదాకా తిప్పాలి. కేనన్‌కు అలవాటైన చేయి దీనికి ఎదురు దిశలో తిప్పబోతుంది. రెండు, బాడీ మౌంట్ దగ్గర రింగు చిన్న రంధ్రం దగ్గరుందో లేదో చూసే ఇంకో చిన్న మీట ఇసుకతోనో జిడ్డుతోనో ఇరుక్కుంది. ఇంకో ఏఎఫ్-డి లెన్స్ పెట్టి చూడండి. అదీ ఎఫ్‌ఈఈ చూపిస్తే తప్పు బాడీది.

రింగుతోనే అపర్చర్ మార్చాలని ఇష్టమున్నవాళ్లకు మూడో గుంపులో దారుంది: కస్టమ్ సెట్టింగుల్లో "కస్టమైజ్ కమాండ్ డయల్స్", దానిలో "అపర్చర్ సెట్టింగ్", అక్కడ "అపర్చర్ రింగ్" ఎంచుకోవాలి. వేరేవాళ్ల చేతిలో నుంచి వచ్చిన బాడీలో ఇది ముందే మార్చి ఉండి, "చక్రం తిప్పితే అపర్చర్ కదలడం లేదు" అనే ఫిర్యాదు వస్తుంటుంది. అప్పుడు దీన్ని "సబ్-కమాండ్ డయల్"కు మార్చండి.

అక్షరం ఎఫ్, పక్కన రెండు గీతలు

లెన్స్ చిప్పు బాడీకి కనబడటం లేదని దీని అర్థం. చిప్పు లేని ఏఐ లెన్స్ పెట్టి ఉంటే ఇది మామూలే, పట్టించుకోనక్కర్లేదు. ఏఎఫ్-డి లేదా ఏఎఫ్-ఎస్ పెట్టి ఉంటేనే చూసుకోవాలి. సాధారణంగా చుక్కలకు పట్టిన మకిలి కారణం. పోగులు రాని మెత్తటి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం తడిపి లెన్స్ వైపు చుక్కల్ని తుడవండి, ఆరనిచ్చి తగిలించండి. బాడీ వైపు చుక్కల్ని తుడిచేటప్పుడు కెమెరా నోరు కిందికి పెట్టండి, దుమ్ము అద్దం మీద పడదు. పెన్సిల్ రబ్బరుతో రుద్దమని చాలామంది చెబుతారు. పని చేస్తుంది, కానీ రబ్బరు పొడి నేరుగా లోపలికి పోతుంది. ఆ అవసరం రాకుండా చూసుకోండి.

మొదటి, రెండో గుంపు బాడీల్లో ఏఐ లెన్స్‌తో తీయడం

ఎం మోడ్ కాకుండా మరేదైనా పెడితే "లెన్స్ తగిలించలేదు" అనే సందేశమో, షట్టర్ పడకపోవడమో ఎదురవుతుంది. ఎం పెట్టండి. ఆటో ఐఎస్ఓ ఆఫ్ చేయండి. మీటర్ లేనప్పుడు అది లెక్కలేని లెక్క వేస్తుంది. అపర్చర్‌ని లెన్స్ రింగుతోనే పెట్టాలి, షట్టర్, ఐఎస్ఓ బాడీతో. ఇక్కడ ఒక మాట: రింగు 16కి తిప్పినా వ్యూఫైండర్ చీకటి కాదు. రేకులు షట్టర్ నొక్కిన క్షణంలోనే మూసుకుంటాయి. "రింగు పనిచేయడం లేదు" అని లెన్స్‌ని తిరిగిచ్చేసినవాళ్లు దీన్ని చూసే మోసపోయారు.

మీటర్ లేకపోతే ఎక్స్‌పోజర్ ఎలా? ఎండ బాగా కాసే పగటి పూట ఐఎస్ఓ 100, ఎఫ్/16, సెకనులో 1/125 దగ్గర మొదలుపెట్టండి. అదే వెలుతురుకు ఎఫ్/8, 1/500. పలచటి మబ్బు ఉంటే ఒక స్టాప్ (వెలుతురు రెండింతలయ్యేలా) తెరవండి, దట్టమైన మబ్బుకు మూడు. చెట్టు నీడలోనూ మూడు. ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగు పంపకం చూపే గ్రాఫు) చూడండి. గుట్ట కుడి అంచుకు కొట్టుకుపోతే షట్టర్ వేగం ఒక స్టాప్ పెంచండి, ఎడమ అంచుకు ఒరిగితే తగ్గించండి. వెలుతురు మారనంతసేపు ఆ సెట్టింగే సాగుతుంది. మీటర్ ముఖం రంగును బట్టి, తెల్ల పంచెను బట్టి ప్రతి ఫ్రేమ్‌కూ మారుస్తూ పోయే ఇబ్బంది ఇందులో లేదు. పందిట్లో వరసగా తీసేటప్పుడు ఇదే నయం. తెర మీద కనిపించే బొమ్మను మాత్రం ఎండలో నమ్మొద్దు, హిస్టోగ్రామ్‌నే నమ్మండి.

ఫ్లాష్ టీటీఎల్‌లో (ఫ్లాష్ వెలుగును బాడీయే లెక్కగట్టే పద్ధతి) పనిచేయదు, మాన్యువల్‌లో పెట్టుకోండి. బాడీ మీద లేచే ఫ్లాష్ గైడ్ నంబరు ఐఎస్ఓ 100 దగ్గర మీటర్లలో సుమారు 12. దూరంతో భాగిస్తే ఎఫ్ నంబరు వస్తుంది: మనిషి 3 మీటర్ల దూరంలో ఉంటే ఎఫ్/4. ఐఎస్ఓ 400కి పెంచితే గైడ్ నంబరు రెండింతలు, అంటే ఎఫ్/8.

మూడో గుంపులో: లెన్స్ వివరాలు చెప్పాలి

డి7200లాంటి బాడీలో ఏఐ లెన్స్ పెట్టగానే తెర మీద ఎఫ్ నంబరు బదులు ఒక చిన్న త్రిభుజం, ఎఫ్, ఆ తర్వాత అంకె కనిపించొచ్చు. పూర్తిగా తెరిచిన చోటు నుంచి రింగు ఎన్ని స్టాపులు మూసిందో అది చెబుతోంది. 0 అంటే పూర్తిగా తెరిచి ఉంది. లెన్స్ ఎఫ్/2తో మొదలవుతుందో ఎఫ్/2.8తో మొదలవుతుందో బాడీకి తెలియదు కాబట్టి అంతకంటే చెప్పలేదు.

సెటప్ మెనూలో "నాన్-సీపీయూ లెన్స్ డేటా" తెరవండి. 1 నుంచి 9 వరకు నంబర్లుంటాయి. ఒక నంబరు ఎంచుకుని, ఫోకల్ లెంగ్త్, మాక్సిమం అపర్చర్ ఇచ్చి, "డన్" నొక్కండి. 50 ఎంఎం ఎఫ్/1.4 అయితే 50, 1.4. డీఎక్స్ (ఫిల్మ్ ఫ్రేమ్ కంటే చిన్న) సెన్సర్ కదా అని 50ని 1.5తో గుణించి 75 ఇవ్వకండి. లెన్స్ మీద రాసింది రాసినట్టే ఇవ్వాలి. మీ ఫోకల్ లెంగ్త్ జాబితాలో లేకపోతే దానికి దగ్గరగా ఉన్న పెద్ద అంకె ఎంచుకోండి. జూమ్ తిప్పినప్పుడు బాడీకి ఆ సంగతి తెలియదు కాబట్టి ఎక్కువగా వాడే చోటు ఒకటి ఇచ్చేయండి.

రెండు మూడు మాన్యువల్ లెన్స్‌లున్నవాళ్లు చేసే తప్పు: లెన్స్ మార్చి నంబరు మార్చకపోవడం. అప్పుడు తెర మీద ఎఫ్ నంబరు తప్పు చూపిస్తుంది, ఫొటోలో నమోదయ్యే వివరాలు తప్పుతాయి, ఫ్రేమంతా చూసి లెక్క వేసే మ్యాట్రిక్స్ మీటరింగ్ కూడా తప్పు ఆధారం మీద నడుస్తుంది. ఎఫ్ఎన్ బటన్‌కు "చూజ్ నాన్-సీపీయూ లెన్స్ నంబర్" కేటాయిస్తే బటన్ పట్టుకుని చక్రం తిప్పి మార్చొచ్చు, మెనూలోకి వెళ్లక్కర్లేదు. వివరాలు అసలు ఇవ్వకపోయినా ఫొటోలు వస్తాయి, ఫ్రేమ్ నడుమకు ఎక్కువ విలువిచ్చే సెంటర్-వెయిటెడ్ మీటరింగ్ మీద నడుస్తాయి.

ఫొటోలు తెల్లబోతున్నాయి

మీటర్ సరిగ్గా చూపిస్తోంది, కానీ ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ఫొటోలు కొట్టొచ్చినట్టు తెల్లగా వస్తున్నాయి, ఎఫ్/1.8 దగ్గర మాత్రం బాగున్నాయి. ఇది సెట్టింగు కాదు. రేకులకు నూనె పట్టి బరువెక్కాయి. షట్టర్ నొక్కిన క్షణంలో ఎఫ్/11 దాకా మూసుకోవాల్సినవి ఎఫ్/4 దగ్గరే ఆగిపోతున్నాయి.

తేల్చుకోవడానికి సమానమైన వెలుతురుతో ఆరు ఫొటోలు తీయండి. గోడ చాలు, కాకపోతే ఎండ మారకూడదు. ఐఎస్ఓ కదపకుండా ఎఫ్/2.8 – 1/1000, ఎఫ్/4 – 1/500, ఎఫ్/5.6 – 1/250, ఎఫ్/8 – 1/125, ఎఫ్/11 – 1/60, ఎఫ్/16 – 1/30. ఆరూ ఒకే వెలుగులో రావాలి. మొదటి రెండూ ఒకలా ఉండి, తర్వాతవి ఒక్కొక్కటే తెల్లబడుతూ పోతే రేకుల నూనె ఖాయం. అన్నీ ఒకే మోతాదులో తెల్లబడితే లెన్స్ కాదు, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కను పెంచే, తగ్గించే సెట్టింగు) ప్లస్‌లో ఉందేమో చూడండి. ఈ రెండోది ఎంత తరచుగా జరుగుతుందో చెబితే నమ్మరు.

కంటితో చూసే పరీక్ష ఇంకా తేలిక. లెన్స్ చేతిలో పట్టుకుని రింగు 16కి తిప్పి, వెనకున్న లివర్‌ని వేలితో నొక్కి వదలండి. రేకులు టక్కున మూసుకోవాలి. నిద్ర లేచినట్టు బద్ధకంగా కదిలితే, లేదా రేకుల మీద తడి మెరుపు కనిపిస్తే, శుభ్రం చేయించాలి. ఆలోపు లెన్స్‌ని పూర్తిగా తెరిచి వాడుకోవచ్చు. ఫంగస్ చస్తుందని లెన్స్‌ని ఎండలో పెట్టేవాళ్లున్నారు. లోపలి గ్రీజు కరిగి రేకుల మీదికి వచ్చేది అలాగే.

ఫోకస్ తప్పుతోంది

చేత్తో ఫోకస్ చేసేటప్పుడు వ్యూఫైండర్ కింద ఎడమ మూల పచ్చ చుక్క వెలుగుతుంది. లెన్స్ ఎఫ్/5.6 లేదా అంతకంటే వెలుతురుది అయితే పచ్చ చుక్క నమ్మదగింది. అయినా ఎఫ్/1.4, ఎఫ్/1.8 దగ్గర చుక్క ఒక చోట కాదు, కొంత దూరం మేర వెలుగుతూనే ఉంటుంది. ఎటు నుంచి తిప్పితే ఎక్కడ వెలిగింది, ఎక్కడ ఆరింది చూసుకుని మధ్యలో ఆపండి. కొన్ని చిన్న బాడీల్లో "రేంజ్‌ఫైండర్" అనే స్కేలు ఉంటుంది, అది ఎం మోడ్‌లో రాదు. ఏఐ లెన్స్‌కు ఎం తప్ప వేరే మోడ్ లేదు కాబట్టి అది మనకు ఉన్నా లేనట్టే.

ఇంకో నిజం: డిజిటల్ బాడీల ఫోకసింగ్ స్క్రీన్ వెలుగు కోసం చేసింది. ఎఫ్/1.4 లెన్స్ పెట్టినా అందులో మీకు కనబడే లోతు సుమారు ఎఫ్/2.8ది. కంటికి స్పష్టంగా ఉన్న ముఖం ఫొటోలో మసకగా రావడానికి ఇదే కారణం, మీ కన్ను కాదు. కన్నును అనుమానించేముందు మాత్రం వ్యూఫైండర్ పక్కనున్న డయాప్టర్ చక్రం తిప్పి లోపలి అంకెలు పదునుగా కనబడేలా పెట్టుకోండి. కచ్చితంగా కావాలంటే ట్రైపాడ్, లైవ్ వ్యూ, రింగు పూర్తిగా తెరిచి, ప్లస్ బటన్‌తో బొమ్మను పెద్దది చేసి, కనురెప్ప వెంట్రుకల మీద ఫోకస్. తర్వాత రింగుని కావాల్సిన ఎఫ్ దగ్గరికి తిప్పండి.

ఏఎఫ్-డి లెన్స్ ఆటోఫోకస్‌లో ఎప్పుడూ ఒకే వైపుకి, అంటే ముందుకో వెనక్కో, తప్పుతుంటే ఏఎఫ్ ఫైన్-ట్యూన్ వాడండి. ఇది డి7000, ఆ పైవాటిలో ఉంది, డి90లో, మొదటి గుంపులో లేదు. 50 ఎంఎంకు రెండు మీటర్ల దూరంలో గోడకు వార్తాపత్రిక అతికించి, ఎఫ్/1.8 దగ్గర, ప్రతిసారీ ఫోకస్‌ని చెడగొట్టి మళ్లీ నొక్కుతూ ఐదారు తీయండి. లైవ్ వ్యూలో తీసినదానితో పోల్చి ప్లస్, మైనస్ ఐదేసి చొప్పున జరపండి. ఫొటోలు ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తప్పుతుంటే ఫైన్-ట్యూన్ దండగ. అది ఆటోఫోకస్ తడబాటు.

స్క్రూతో తిరిగే లెన్స్‌లో ఒక జాగ్రత్త: బాడీ ముందున్న ఏఎఫ్/ఎం మీటను ఎం మీద పెట్టకుండా ఫోకస్ రింగుని చేత్తో బలంగా తిప్పొద్దు. లోపలి గేర్లు మోటారుకు తగులుకుని ఉంటాయి. గరగరమనే శబ్దం మాత్రం ఏఎఫ్-డికి సహజం, దానికి బెంగ వద్దు.

మిర్రర్‌లెస్ బాడీకి పెడితే

నికాన్ జెడ్ బాడీలకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ (ఎఫ్ మౌంట్ లెన్స్‌ని జెడ్ మౌంట్‌కు కలిపేది) ద్వారా ఏఎఫ్-ఎస్ లెన్స్‌లు ఆటోఫోకస్ అవుతాయి. ఏఎఫ్-డి కావు, అడాప్టర్‌లో మోటారు లేదు. ఏఐ లెన్స్‌లు మీటర్‌తో నడుస్తాయి, కానీ రింగు ఎక్కడుంటే రేకులు అక్కడే మూసుకుని ఉంటాయి. అందుకే రింగు తెరిచి ఫోకస్ చేసి, తర్వాత మూయండి. ఎఫ్/11 దగ్గర ఫోకస్ చేస్తే అన్నీ పదునుగానే కనిపించి మోసం చేస్తాయి. చేతి వణుకును సరిచేసే బాడీ స్టెబిలైజేషన్ కోసం ఇక్కడ కూడా లెన్స్ డేటా ఇవ్వాలి, ఇక్కడ కూడా గుణించకుండానే.

సోనీ, ఫ్యూజీ, కేనన్ ఆర్ బాడీలకు మామూలు అడాప్టర్‌తో పెడితే షట్టర్ పడకపోవచ్చు, ఎందుకంటే బాడీ దృష్టిలో అక్కడ లెన్స్ లేదు. సోనీలో "రిలీజ్ వితౌట్ లెన్స్", ఫ్యూజీలో "షూట్ వితౌట్ లెన్స్", కేనన్‌లో "రిలీజ్ షట్టర్ వితౌట్ లెన్స్" ఆన్ చేయండి. స్టూడియో ఫ్లాష్ వాడేటప్పుడు వ్యూఫైండర్ నల్లగా అయిపోతే సోనీలో "లైవ్ వ్యూ డిస్‌ప్లే"ని "సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్" చేయండి. ఎఫ్/8, 1/125 నిజంగా చీకటే, ఫ్లాష్ సంగతి తెరకు తెలియదు.

దూరపు వస్తువులు ఫోకస్ కాకపోతే అడాప్టర్ మందం ఎక్కువైంది. నికాన్ ఎఫ్ మౌంట్‌కూ సెన్సర్‌కూ మధ్య 46.5 మిల్లీమీటర్లుండాలి. ఇతర ఎస్ఎల్ఆర్ మౌంట్లతో పోలిస్తే ఇది ఎక్కువ. అందుకే నికాన్ లెన్స్ కేనన్ ఈఎఫ్ బాడీకి (44 మిల్లీమీటర్లు) తేలిగ్గా పడుతుంది, తిరగేస్తే పడదు. ఎం42 అనే పాత మర బిగింపు లెన్స్‌ది 45.46. దాన్ని నికాన్ బాడీకి పెడితే మిల్లీమీటరుకు పైగా ముందుకు జరిగిపోయి పోర్ట్రెయిట్ వస్తుంది గానీ కొండ రాదు. మధ్యలో గాజు ముక్క ఉన్న అడాప్టర్ ఆ లోటు తీరుస్తుంది, పదును పోగొడుతుంది. హీలియోస్ లాంటి ఎం42 లెన్స్‌ల మీద మోజు ఉంటే నికాన్‌కు బదులు మిర్రర్‌లెస్ మీదే తీర్చుకోండి.

ఫొటో నడుమ తెల్లటి మచ్చ

పాత లెన్స్‌ల వెనక గాజుకు పూత అంతగా ఉండదు. సెన్సర్ మెరుపు తిరిగి ఆ గాజుకు కొట్టి ఫొటో నడుమ తేలిక మబ్బులా పడుతుంది, చిన్న అపర్చర్ల దగ్గర మరీ ఎక్కువ. ఎఫ్/16 మానేసి ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గర తీయండి, హుడ్ పెట్టండి. చాలా ఏఐ నికాన్ లెన్స్‌లకు ఫిల్టర్ మర 52 ఎంఎం కాబట్టి ఒక రబ్బరు హుడ్ అన్నిటికీ పడుతుంది. పూర్తిగా తెరిచినప్పుడు ఆకుల అంచుల చుట్టూ వచ్చే ఊదా రంగు ఎఫ్/4 దగ్గర చాలావరకు పోతుంది. మిగిలినది రా ఫైల్‌లో తుడిచేయొచ్చు.

ఫంగస్ ఉందో లేదో చూడటానికి లెన్స్‌ని పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి పక్క చూపుతో చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో లెన్స్‌ని తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడమంటే ఫంగస్‌ని పొదగబెట్టినట్టే. మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, లోపల చిన్న హైగ్రోమీటర్ చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. నీలం రకం సిలికా జెల్ గులాబీ రంగుకు మారితే వేడి చేసి మళ్లీ వాడొచ్చు. ఫంగస్ పట్టిన లెన్స్‌ని బాగు చేయించేదాకా మిగతా వాటితో ఒకే డబ్బాలో పెట్టకండి.